లేవి తాగని బీడీ

పక్కటెముకలు వాటంతటవే విరగవు. ఈ సంగతి తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో ఆరేళ్లుగా కేసు షీట్లకు కోడ్లు వేస్తున్న నాకే తెలుసు. రోగికి ఏమైంది, ఎలా అయింది అన్నది అంకెల్లోకి మార్చి కంప్యూటర్లో ఎక్కించడం నా ఉద్యోగం. ఆ తర్వాత ఏ ఆఫీసుకు పోయినా రోగి మాట ఎవరూ వినరు, ఆ అంకెలే చూస్తారు.

ఆ శనివారం పొద్దున లేవి అనే మనిషి ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. కోయిలకుంట్ల దగ్గరి పల్లె, నాపరాళ్ల యార్డులో కూలి, యాభై రెండేళ్లు. ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోతే ఛాతీలో గొట్టం వేసి బతికించారు. కారణం దగ్గర మాత్రం "దెబ్బ లేదు, దానంతటదే వచ్చింది, ఇరవై ఏళ్లుగా బీడీలు తాగే అలవాటు" అని ఉంది. పేజీ తిప్పితే ఎక్స్‌రే రిపోర్టులో మూడు పక్కటెముకలు విరిగి ఉన్నాయి. ఇంకో పేజీ తిప్పితే నర్సు రాసిన మాట: ఛాతీకి అడ్డంగా కమిలిన గుర్తు, బట్టల నిండా రాతిపొడి. నాకు ఒళ్లు మండింది.

దానంతటదే వస్తే ఒక కోడు, దెబ్బ వల్ల వస్తే వేరే కోడు. మొదటిది వేస్తే అది లేవి జబ్బు, లేవి ఖర్మ. రెండోది వేస్తే యార్డులో జరిగిన ప్రమాదం, యజమాని జవాబు చెప్పుకోవాలి. అయితే డాక్టరు రాయనిది నేను వేయకూడదు. అనుమానం వస్తే ఒక కాగితం మీద ప్రశ్న రాసి పంపాలి, డాక్టరు దాని మీదే జవాబు రాసి సంతకం పెట్టాలి. నేను ప్రశ్న రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తాండావు హేమావతీ?" మా మేనేజరు ఉమామహేశ్వర వెనక నుంచి అడిగాడు.

"డాక్టరమ్మకు ప్రశ్న సార్. దానంతటదే వచ్చుంటే ఎముకలెట్లా ఇరిగినాయని."

"ఆ యార్డు ఓనరు మనకు శానా కావల్సినోడు. రాసింది రాసినట్టు ఎక్కించి ఫైలు మూసేయ్. నీది కోడు ఏసే పని, పోలీసు పని కాదు."

"ఆ పనే చేస్తాండా సార్," అని కాగితం తీసుకుని మెట్లెక్కాను.

డ్యూటీ డాక్టరు పద్మశ్రీ చిన్నపిల్ల, చదువు ముగించి ఏడాది కాలేదు. కాగితం చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "ఆయప్పను తెచ్చిన మేస్త్రి చెప్పింది రాసినానక్కా. పేషెంటు కాదనలేదు."

"ఊపిరే ఆడని మనిషి ఏం కాదంటాడమ్మా?"

ఆమె స్టెతస్కోపు మెడలో వేసుకుని లేచింది. "పద, నీ ముందరే అడుగుతా."

వార్డులో లేవి దిండుకు ఆనుకుని ఉన్నాడు. భార్య సంతోషమ్మ ఒక పక్క, అతన్ని తెచ్చిన యార్డు మేస్త్రి గోపన్న ఇంకో పక్క స్టూలు మీద. ఐదు రోజులుగా గోపన్న ఆ స్టూలు వదలలేదట, కాపలా కుక్క నయం.

"ఏమప్పా లేవీ, ఎట్లయింది?" డాక్టరు అడిగింది.

"చెప్పినాం కదమ్మా, దగ్గి దగ్గి..." గోపన్న అందుకున్నాడు. లేవి గోడకేసి చూశాడు.

"మా పెద్దోడు గూడా ఆ యార్డులోనే ఉండాడమ్మా," సంతోషమ్మ నాకు మాత్రమే వినబడేలా అంది. సంగతంతా అర్థమైంది. అర్థమైనా లేవి మీద కూడా కోపం వచ్చింది.

"సరేప్పా, నువ్వు మాట్లాడొద్దు. నీ గురించి ఏం రాసినారో అదన్నా విను," అని ఫైలు విప్పి చదివాను. దెబ్బ లేదన్నప్పుడు లేవి కదల్లేదు. బీడీల దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు.

"ఎవురు? ఎవురు తాగినారు బీడీలు?" డొక్క పట్టుకుని రొప్పుతున్నాడు. "మా చర్చి సంఘంలో పెద్దను నేను. బీడీ తాగేటోన్ని మా గుళ్లో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లలో చెయ్యేయనీరు. ఆ బల్ల కాడ రొట్టె పట్టుకునేది నేను! నేను సచ్చినాక గూడా ఈ కాగితం ఉంటాదామ్మా?"

"ఉంటాది," అన్నాను.

"అయితే రాయి డాక్టరమ్మా. వరసగా నిలబెట్టిన బండల్లో నడిమధ్యన ఉండే బండ కావాలన్యారు. దాన్ని తీస్తాంటే మిగతా బండల్ని ఎదతో ఆనుకోని నిలబెట్టాల. ఇద్దరుండాల్సిన చోట నన్నొక్కన్నే పెట్టినారు. అన్నీ నా మీదికే ఒరిగినాయి. గోపన్నా, నన్ను కింద నుంచి లాగింది నువ్వే కదప్పా? బీడీ మాట యాడిది?"

"ఓనరు చెప్పమన్యాడు," అన్నాడు గోపన్న నేల చూస్తూ.

రాళ్ల సంగతి ఒక్కటే దాచి ఉంటే లేవి నోరు విప్పేవాడే కాదు. బీడీ చేర్చి చెడగొట్టుకున్నారు.

పద్మశ్రీ పాత మాటల మీద ఒక్క గీత గీసి, కింద కొత్తగా రాసి, తేదీ, టైము వేసి సంతకం పెట్టింది.

"ఇంగ మన పెద్దోని పని పోతాదేమో," అంది సంతోషమ్మ.

"పోనీ. వాని ఎద మీద గూడా పడేదానికంటే మేలు," అన్నాడు లేవి.

కిందికి వచ్చి కోడ్లు ఎక్కించాను. దెబ్బతో ముడుచుకున్న ఊపిరితిత్తికి ఒకటి, ఎముకలకు ఒకటి, మీద పడిన రాళ్లకు ఒకటి, పనిచేసే చోటుకు ఒకటి. ఒకసారి లాక్ చేస్తే ఇక మార్చడానికి లేదు.

"అది నొక్కినావంటే సోమవారం నుంచి నువ్వు రాయచోటి బ్రాంచిలో ఉంటావు," అన్నాడు ఉమామహేశ్వర.

భయం వేయలేదంటే అబద్ధం. నా కూతురి బడి, మా ఇల్లు, అన్నీ ఈ ఊళ్లోనే. "సరే సార్," అని నొక్కాను.

సాయంత్రం సంచి సర్దుకుంటుంటే కిటికీ దగ్గరికి గోపన్న వచ్చాడు. చువ్వలు పట్టుకుని లోపలికి వంగాడు.

"అమ్మా, మూడేండ్ల కింద మా తమ్ముడు ఓబులేష్‌ను గూడా ఈడికే తెచ్చినా. వాని మీద గూడా బండలే పడినాయి, దగ్గుతోనే వచ్చిందని చెప్పినా. నేనే చెప్పినా. వాడిప్పుడు పది మెట్లెక్కలేడు. ఆ ఫైలు ఉంటాదా?"

తన అద్దాల గదిలోంచి ఉమామహేశ్వర ఇటే చూస్తున్నాడు. నేను సంచి కింద పెట్టి మళ్లీ కూర్చున్నాను.

"ఉంటాది. నీ తమ్మున్ని రేపు పిల్చుకోని రా. తన ఫైలు కావాలని ఆయప్ప సంతకం పెడితే తీస్తా."

"రేపు ఆదివారం కదమ్మా?"

"ఆదివారమైనా నేనుంటా. సోమవారం దాకా ఈ కుర్చీ నాదే," అన్నాను, అద్దాల గదిలోకి కూడా వినబడేలా.