ఎల్లవ్వ దాచిన చెప్పులు

నక్కకు తెలుసా అవ్వా తను అబద్ధమాడుతున్ననని, అని అడిగింది నా మనవరాలు భూలక్ష్మి, పోయిన ఆదివారం చందానగర్‌లో, నా బిడ్డ ఇంటి అరుగు మీద, అడిగి నోరు తెరుచుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది, నేనేమో నక్కను తెచ్చి కోళ్ళ గూడు ముందు నిలబెట్టి, మాంసం మానేసిన తల్లీ, ఇయ్యాల ఉపాసం, ఒక్కపొద్దు ఉన్న, మీ పాట విని పోదామని వచ్చిన, అని దాని చేత చెప్పించి, ఇక తలుపు తెరిపించడమే తరువాయి అన్నచోట ఉన్నాను, ఆ ఒక్క మాటతో కథ అక్కడే నిలిచిపోయింది, ఎందుకంటే నా ఎరికలో ఎందరు పిల్లలకు ఎన్ని నక్కలను చెప్పానో లెక్కలేదు కానీ ఏ నక్కనూ నేను ఆ మాట అడగలేదు, తెలిసే చెప్తుందా, చెప్తున్నంత సేపూ దానికి కూడా నిజమే అనిపిస్తుందా, నీకెందుకే అయన్ని, తిను, అని చేతిలో బెల్లం ముక్క పెట్టి తప్పించుకున్నాను, ఆ మాట మాత్రం చందానగర్ నుంచి కొండాపూర్ మీదుగా మాదాపూర్ దాకా నా వెంటే నడిచి వచ్చింది, ఇప్పుడు ఈ ద్రాక్ష పందిరి కింద మెడ పైకెత్తి కత్తెర పట్టుకుని నిలబడితే గుత్తుల సందులోంచి నన్నే చూస్తోంది.

ఇవాళ ఆఖరి వరుస, గుత్తిలో మధ్యమధ్య గింజలంత పచ్చికాయలు కత్తిరించి పారేసే ఈ పని ఇవాళ్టితో అయిపోతుంది, ఉన్నవన్నీ ఉంచితే ఒకదాన్నొకటి నొక్కుకుని పగిలిపోతాయి కాబట్టి తీయక తప్పదు, మొదటి ఏడాది నేను ఇన్ని ప్రాణాలు తీసి పారేస్తున్నానే అని బాధపడ్డాను కూడా, ఇప్పుడు కాళ్ళ కింద పచ్చి గింజలు టపటప పగులుతుంటే వినడానికి బాగానే ఉంటుంది, పని అయిపోతే కొండాపూర్ నర్సింహ వస్తాడు, గుత్తుల పని కానీ నర్సింహా అని నేనే కదా చెప్పి పంపింది, అంతకుముందు బోనాలు పోనీ అన్నాను, తర్వాత దసరా పోనీ అన్నాను, ప్రతిసారీ చాయ్ తాగి, సరే అక్కా మంచిదక్కా అని తువ్వాల దులుపుకుని వెళ్ళాడు పాపం, తన తమ్ముడు బాలనర్సయ్యకు మా కోడలు కనకాన్ని అడుగుతున్నాడు, మారుమనువు మా ఇళ్ళల్లో కొత్త ఏం కాదు, నా పెద్దాడబిడ్డ చేసుకుంది, ఎవ్వరూ ఏమీ అనలేదు, కనకలక్ష్మికి ఇరవై నాలుగు, నా కొడుకు సాయిలు కామెర్లతో పోయింది బస్సులు నడవని ఆ తెలంగాణ గొడవల ఏడాది, అప్పటి నుంచి ఆ ఇంట్లో నేనూ ఆ పిల్లా, ఒకే పొయ్యి, రెండు కంచాలు, తల్లిగారింట ఆమెకు ఎవ్వరూ లేరు, అడిగినా చెప్పినా నేనే, మరి ఆమె మనసు తెలుసుకోవాలి కదా, అడిగితే ఏమంటుంది, నీ ఇష్టం అత్తమ్మా, అంతే, నా ఇష్టం కాదే నీ ఇష్టం ఏందో చెప్పు అంటే, నాది గూడ నీ ఇష్టమే అత్తమ్మా, ఎంత నెమ్మదిగా అంటుందంటే గోడకు తల కొట్టుకోవాలనిపిస్తుంది.

అందుకే ఎల్లవ్వను పుట్టించాను, ఈ పందిరి కిందనే, చేతులు పైన ఉంటే నోరు ఊరికే ఉండదు కదా, ఆడవాళ్ళం అందరం రోజుకొకరు ఏదో ఒకటి చెప్పుకుంటాం, ఒక ఊళ్ళో ఎల్లవ్వ అనే అత్త ఉందట, కొడుకు పోయాడట, కోడలు ఒక్కతే ఉందట, అని నేను మొదలుపెట్టాను, ఎవరి గురించో అందరికీ తెలుసు, తెలిసినా తెలియనట్టు వినడమే మర్యాద, పక్క వరుసలో వీరమ్మ అప్పుడే ముక్కు ఎగబీల్చింది, వరుస చివర పీట మీద కూర్చునే జయలక్ష్మిగారు చేతిలో వారపత్రిక మూసింది, ఆమె తోట లెక్కలు చూసే భీమేశ్వరరావుగారి భార్య, గోదావరి వైపు మనిషి, ఒక్కతే ఇంట్లో తోచక మా దగ్గరికి వస్తుంది, పత్రికలో వచ్చే సీరియల్ చదివి వినిపిస్తుంది, అందులో అమ్మాయి వారం వారం ఏడుస్తుంది, ఎందుకేడుస్తుందమ్మా అంటే, ఏమోనండీ, అది ఆ అమ్మాయికీ తెలీదండీ, వచ్చేవారం తెలుస్తుందేమో, అంటుంది, ఆ రోజు నా ఎల్లవ్వ ఎంత గొప్పగా మాట్లాడిందో, కోడలిని పిలిచి తల నిమిరి, బిడ్డా నా బతుకు అయిపోయింది నీ బతుకు ఉన్నది, సంతోషంగా పో, అనేసింది, కోడలు కాళ్ళ మీద పడి ఏడ్చింది, వీరమ్మ కళ్ళు తుడుచుకుంది, జయలక్ష్మిగారైతే, అచ్చం సీరియల్లా ఉందండీ భాగ్యమ్మగారూ, అని నా చెయ్యి పట్టుకుంది, నేను ఓరకంట కనకాన్ని చూశాను, కత్తెర ఆడుతూనే ఉంది, ఒక్క గింజ ఎక్కువ తెగలేదు, ఒక్క గింజ తక్కువ తెగలేదు, ఆ పిల్ల మొహంలో ఏమీ లేదు.

సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ మాత్రం అంది, ఎల్లవ్వ మాటలన్నీ మంచిగనే ఉన్నయి అత్తమ్మా, మనిషే లేదు, అంది, మనిషి లేకపోవుడు ఏందే అన్నాను, లోపల ఏం లేదు, కొడుకు పోయినోళ్ళ ఇంట్ల కోడలు గూడ పోతుంటె గట్ల నవ్వుకుంట తోలిస్తదా ఎవరన్న, ఆమెకు భయం కాదా, అని చెంబు బోర్లించి లోపలికి వెళ్ళింది, నాకు కోపం వచ్చింది, కథ నాది, ఎల్లవ్వ నాది, ఎవరికి భయమవ్వాలో చెప్పడానికి నువ్వెవరే అనుకున్నాను, అనుకుంటూనే తడి కాళ్ళతో గడప మీద అట్లాగే నిలబడిపోయాను, ఎందుకంటే నాకు ఆ ఇల్లు కనపడింది, రెండో కంచం లేకుండా, పొద్దున లేవగానే అత్తమ్మా చాయ్ అనే గొంతు లేకుండా, వర్షం వస్తే తడికె పట్టుకోవడానికి రెండో చెయ్యి లేకుండా, ఇంత భయం నా దగ్గర పెట్టుకుని ఎల్లవ్వకు ఒక్క చుక్క కూడా పోయలేదే, పిసినారిదాన్ని, మంచి మాటలన్నీ ఆమెకిచ్చి మనసు మాత్రం నా కొంగున కట్టుకున్నాను, కొయ్యబొమ్మకు పట్టుచీర చుట్టినట్టు, అది కాళ్ళెట్లా కదుపుతుంది.

తెల్లారి మళ్ళీ చెప్పాను, ఎల్లవ్వ పొమ్మన్నదా, కోడలు మూట కట్టిందా, కట్టి బయటికొచ్చి చూస్తే చెప్పులు లేవు, ఇల్లంతా వెతికింది, దొరకలేదు, పైన ఎండ, దారి నిండా పల్లేరుకాయలు, చెప్పులు లేకుండా ఎట్లా పోతుంది, ఇయ్యాలకు ఆగు బిడ్డా రేపు పోదువు, అన్నది ఎల్లవ్వ, రేపూ దొరకలేదు, ఎల్లుండీ దొరకలేదు, ఎందుకు దొరుకుతాయి, జొన్నలు పోసే పెద్ద కుండలో అడుగున పెట్టింది ఎల్లవ్వే కదా, ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు, నేను అనుకోలేదు, ఎల్లవ్వే చేసేసింది, జయలక్ష్మిగారు పీట మీద నుంచి లేచింది, అదేంటండీ, నిన్న మనసారా వెళ్ళమంది కదండీ, ఇవాళ దాచెయ్యడమేంటండీ, అంటే నేనన్నాను, నిన్న నోరు అన్నదమ్మా, చేతులు వినలేదు, అప్పుడు వీరమ్మ, సచ్చినదానా ముసల్దానా, అని ఎల్లవ్వను తిడుతూ పడీపడీ నవ్వింది, కనకం నవ్వలేదు కానీ కత్తెర ఆగింది, ఇటు తిరిగి, ఎల్లవ్వకు తెలుసా అత్తమ్మా తను దాస్తున్ననని, అంది, అరే, భూలక్ష్మి అడిగిన మాటే, ఈ ఇద్దరూ ఎక్కడ కలిశారమ్మా అనుకున్నాను, తెలుసేమో అన్నాను, తెలుసేమో కాదు, చెప్పు, అంది, నేను గుత్తి వైపు తిరిగి, కుండ దగ్గరికి పోయినప్పుడల్లా ఎల్లవ్వ కళ్ళు మూసుకుని జొన్నలు తీసుకునేదట, తెలుసు కాబట్టే కళ్ళు మూసుకుంది, అన్నాను, అనేసరికి బోనాలు, దసరా, గుత్తుల పని, ఇవన్నీ వరుసగా వచ్చి నా ముందు కూర్చున్నాయి, మూడు జతల చెప్పులు.

ఇక ఇవాళ, ఆఖరి వరుస, దుర్గం చెరువు వైపు గాలి ఆకులను తిప్పుతోంది, బండరాళ్ళు అప్పుడే వేడెక్కాయి, మెడ నరం గుంజుతోంది, వీరమ్మ అడుగుతోంది, ఇగ తెంపు అక్కా కథ, చెప్పులు తీసి ఇస్తదా ఇయ్యదా, రేపు నేను ఎల్లవ్వను ఏడ వెతకాలె, అంటోంది, జయలక్ష్మిగారు పత్రిక తేనేలేదు ఇవాళ, సీరియల్ సంగతి ఎవ్వరూ అడగలేదు కూడా, నేనేం చెప్పను, తీసి ఇచ్చిందంటే మళ్ళీ ఆ పట్టుచీర బొమ్మ అవుతుంది, ఇవ్వలేదంటే ఆ కోడలు పల్లేరుకాయల మధ్య ముసలిదైపోతుంది, నాకు పోయిన కోతల కాలం గుర్తొచ్చింది, గంపలు ఎక్కించడానికి బాలనర్సయ్య లారీ వచ్చేది, మొజంజాహీ మార్కెట్‌కు వేసుకుపోయేవాడు, మనిషి మాట్లాడేవాడు కాదు, కనకం గంప ఎత్తేటప్పుడు మాత్రం జర పైలం, చూసుకో, అనేవాడు, అంతే, లారీ చప్పుడు ఇంకా మలుపు దగ్గరుండగానే కనకం జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకునేది, ఇదంతా నేను చూశానా, చూశాను, చూసి ఏం చేశాను, కుండ దగ్గరికి పోయినప్పుడు ఎల్లవ్వ చేసిందే చేశాను, అమ్మో ఎల్లవ్వా, నిన్ను పుట్టించింది నేనే, నన్ను నాకు చూపిస్తున్నది నువ్వు.

నేను ఇంకా నోరు తెరవలేదు, అటు వరుసలోంచి కనకం చెప్పడం మొదలుపెట్టింది, తల పైకే, చేతులు గుత్తి మీదే, నేను చెప్త, అంది, పందిరి కింద కత్తెరలన్నీ ఒక్కసారి నిలిచాయి, కోడలు మొదటి దినమే చూసింది చెప్పులు, జొన్నలు దంచనీకి కుండల చెయ్యి పెడితె తగిలినయి, తీయలే, మళ్ళ జొన్నలు కప్పింది, అంది, ఎందుకు తీయలే, అని వీరమ్మ మెల్లగా అడిగింది, తనను పోనీయొద్దని దాచిపెట్టేటంత మనిషి ఇంట్ల ఉన్నదని మంచిగనిపించింది, అందుకు, అంది కనకం, ఒక గింజ కత్తిరించింది, అది నేల మీద పడిన చప్పుడు కూడా వినపడింది, ఇంకోటి గూడ ఉన్నది, ఆమెకు గూడ భయమే ఉండె, కొత్త ఇల్లు, కొత్త మనిషి, చెప్పులు దొర్కుతలేవు అనుకుంటె ఆ భయం ఎవ్వరికి చెప్పే పని లేకపాయె, ఎల్లవ్వ దాచిన కాడనే ఆమె గూడ తన భయం దాచుకున్నది, అంది, నీ ఇష్టం నీ ఇష్టం అని ఇన్ని రోజులు అన్న నోరేనా ఇది, గోడ అనుకున్నాను, గోడకు కళ్ళున్నాయి, నా కంటే ముందే అన్నీ చూసి కూర్చుంది, తనను తాను కూడా చూసుకుంది.

ఇగ చాలు అత్తమ్మా, కాళ్ళకు ముండ్లు గుచ్చుతున్నయి, అంది అప్పుడు, నా వైపు తిరిగి, కథలో కోడలి లాగా కాదు, కనకం లాగా, మొహం ఎర్రగా ఉంది, ఆకుల నీడ పడి అటూ ఇటూ కదులుతోంది, నాకు గొప్పగా ఏదో అనాలని నోటి దాకా వచ్చింది, పో బిడ్డా సంతోషంగా పో అని, ఆ మొదటి రోజు మాట, మింగేశాను, ఎల్లవ్వ చెప్పులు తీసిస్తదే, ఏడ్చుకుంట తీసిస్తది, అన్నాను, ఏడ్వనీ, అంది కనకం, ఏడ్వకపోతె కోడలు తీసుకోదు, అంది, జయలక్ష్మిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, వీరమ్మ మాత్రం, ఇంతకు చెప్పులు ఎట్లాంటియే, పాతయా కొత్తయా, అంది, ఆ పిచ్చిదాని మాటకు అందరం నవ్వాం, కనకం కూడా నవ్వింది, మూడేళ్ళకు విన్నాను ఆ నవ్వు, కొంచెం బొంగురుపోయింది కానీ అదే నవ్వు.

అన్నం గంట కొట్టారు, ఆఖరి గుత్తి నా చేతిలోనే ఉంది, నర్సింహ ఇంకాసేపట్లో వస్తాడు, ఈసారి చాయ్ ఇచ్చి ఉగాది పోనీ అనను, పిల్ల ఒప్పుకుందయ్యా, నేను ఒప్పుకున్నాను, నాకు దుఃఖంగా కూడా ఉన్నదయ్యా, మూడూ రాసుకో అంటాను, కొండాపూర్ ఎంత దూరం, చందానగర్ పోయే దారిలోనే కదా, ఆదివారం మనవరాలి దగ్గరికి పోతూ నడుమ కనకం ఇంటి దగ్గర దిగినట్టు కూర్చుంటాను, అత్తమ్మా చాయ్ అంటుంది, అక్కడ తాగుతాను, ఈ ఇంట్లో రెండో కంచం బోర్లించే రోజు బాధ అవుతుంది, అవ్వనీ, బాధ ఉన్నంత మాత్రాన పొమ్మన్న మాట అబద్ధం కాదు, పొమ్మన్నంత మాత్రాన బాధ అబద్ధం కాదు, ఇది తెలియకనే కదా ఇన్నాళ్ళూ నా కథల్లో ఒకరు మంచివాళ్ళు ఒకరు చెడ్డవాళ్ళు, ఎవ్వరికీ తమ సంగతి తమకు తెలియదు, ఆదివారం నేను పోగానే భూలక్ష్మి మళ్ళీ అడుగుతుంది, వదిలే రకం కాదు, ఈసారి బెల్లం పెట్టను, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్తాను, తెలుసే భూలక్ష్మీ, నక్కకు తెలుసు, ఒక్కపొద్దు ఉన్న అంటున్నంత సేపు దానికి నిజంగా ఒక్కపొద్దు ఉండాలనే ఉంటది, కడుపుల ఆకలి గూడ నిజమే, రెండూ దానికి తెలుసు, లోపలున్న కోడికి గూడ తెలుసు, ఇగ చూద్దాం, ఇద్దరు అన్నీ తెలిసినోళ్ళు తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడితే, ఆ తలుపు ఎట్ల తెరుచుకుంటదో.