గుల్ల వదిలిన పీతలు

వానల తరువాత ఆక్వేరియం మళ్ళీ తెరిచిన వారంలోనే పీతలు గుల్లలు వదిలి బయటికి రావడం మొదలుపెట్టాయి.

అది మొదట చూసింది పీతలక్క. ఆ పేరు పెట్టింది టికెట్లు ఇచ్చే అమ్మాయి. క్రమంగా మేనేజరు దగ్గర నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె పీతలక్కే అయింది. పిల్లలు చేయి పెట్టి తాకి చూసే తొట్టి ఒకటి ముందు హాల్లో ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. నడుమెత్తు గోడ, అడుగున ఇసుక, రాళ్ళు, సముద్రపు నీళ్ళు. నక్షత్ర చేపలు కొన్ని ఉండేవి, మిగతావన్నీ సన్యాసి పీతలు.

“పేరుకే సన్యాసి. సంసారులకన్నా ఇంటి యావ దీనికే ఎక్కువ,” అని ఆమె వచ్చినవాళ్ళకు చెప్పేది. ఈ పీతకు ముందు భాగం గట్టిదే గానీ వెనక భాగం పెంకు లేకుండా మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. అందుకని చచ్చిన నత్త గుల్లలో దూరి, లోపల తోకతో పట్టు బిగించి, ఆ ఇంటిని మోసుకుంటూ తిరుగుతుంది. ఒళ్ళు పెరిగితే మరో పెద్ద గుల్ల వెతుక్కోక తప్పదు. మంచి గుల్ల ఒకటి ఖాళీగా దొరికిందంటే చిన్నా పెద్దా వరసకట్టి నిలబడతాయి. ముందుది కొత్త ఇంట్లోకి మారగానే వెనకది దాని పాత ఇంట్లోకి దూరుతుంది. ఇల్లు కట్టి చూడమన్న సామెత వీటికి పట్టదనీ, కట్టేది నత్త అయితే కాపురం వీటిదనీ ఆమె అంటే జనం నవ్వేవాళ్ళు.

పిల్లలకు చెప్పని సంగతి ఒకటుంది. పీత చచ్చి కుళ్ళితే ఆ వాసన తక్కిన పీతలకు ఇల్లు ఖాళీ అయిందన్న కబురు. ఆ వాసన పట్టుకుని అవి వెతుక్కుంటూ వస్తాయి. ఒకసారి తీరాన ఇసుకలో ఏటవాలుగా కూరుకుపోయిన గాజు సీసా ఆమెకు దొరికింది. నున్నటి గోడ ఎక్కలేక లోపలే చచ్చినదాని వాసనకు మరొకటి, దాని వాసనకు ఇంకొకటి వచ్చిపడి, మెడదాకా నిండిపోయి ఉంది. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆమెకు తిండి సయించలేదు.

తొట్టిలో ఆ ఉదయం చిన్నవి రెండు గుల్లల్లోంచి సగం బయటికొచ్చి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద పీత పూర్తిగా వదిలేసి తన గుల్ల పక్కనే బట్టల్లేని మనిషిలా పడి ఉంది. బతికే ఉంది. గుల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళి పెట్టినా లోపలికి పోలేదు. మిగతావి రాళ్ళెక్కి, గాలి గొట్టం ఎక్కి, నీటి నుంచి ఎంత పైకి పోవడానికి వీలైతే అంత పైకి పోయి ఒకదాని మీద ఒకటి గుంపుగా ఉన్నాయి. చేయి పెట్టి లాగినా గుల్ల వదలని జీవి తనంతట తాను వదిలిందంటే, నీళ్ళలో ఉండలేని బాధ ఏదో దానికి వచ్చిందని అర్థం. ఆమె నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూసింది. కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా తగిలింది.

పీతల్నీ ఆ ఖాళీ గుల్లనూ తొట్టిలో నుంచి తీసి, సముద్రం నుంచి అప్పుడే తెచ్చిన నీళ్ళ టబ్బులో వేసి, మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. మాట విని తొట్టి మూయించాడు. నీళ్ళు ఎక్కడివని అడిగాడు. వెనక పెరట్లో నేల కింద ఉన్న రెండో సంపులోవి. వానల్లో మరమ్మతుల కోసం అంతా మూసేసినప్పుడు సముద్రపు నీళ్ళు అందులో కదలకుండా నిలిచిపోయాయి. గోడలకు పట్టిన ఆల్చిప్పలూ నాచూ లోపలే చచ్చి కుళ్ళాయి. ఆ సంపు వెంటనే ఖాళీ చేయించమని ఆయన మోటారు మెకానిక్కుకు కబురు పెట్టాడు.

మెకానిక్కు పీతలక్క సొంత తమ్ముడు. అతనికి సాయంగా పనిచేసేవాడు అతని భార్య తమ్ముడు, అంటే బావమరిది. మనిషి చువ్వలా ఉంటాడు. ఎంత ఇరుకు కన్నంలోనైనా దూరగలడని అందరూ సన్నోడనేవారు. బావాబావమరుదులు ఒకరినొకరు ఏడిపించుకోకుండా పూట గడవదు. సన్నోడికి పెళ్ళి కుదిరింది. పీతలక్కను వదినా అని పిలుస్తూ, మీ తొట్టిలో నాకో రెండు గదుల గుల్ల చూడు వదినా అని ముందు రోజే పరాచికమాడాడు.

మోటారు వేస్తే చాలావరకు నీళ్ళు పోయాక ఆగింది. అడుగున బురద లేచి, పైపు చివర నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వుకు చెత్త అడ్డం పడింది. మూత తీసినప్పుడు పెరడంతా కంపు కొట్టిందనీ, ఊడ్చే మనిషి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయిందనీ తరువాత చెప్పుకున్నారు. పీతలక్క టబ్బుకు కొత్త నీళ్ళు తేవడానికి బకెట్టుతో ఆ పక్కగా వెళ్తూ కాసేపు ఆగింది. ఆ చెత్త తీయడానికి సన్నోడు నడుం దాకా సంపు నోట్లోకి దిగి, ఇనుప నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు.

“దిగొద్దురా. పీతలే ఆ నీళ్ళకు ఓర్చుకోలేకపోయాయి,” అంది.

“ఇందాక కొట్టింది వదినా, ఇప్పుడు వాసనే లేదు,” అన్నాడు సన్నోడు. నవ్వి తల కిందికి వంచాడు.

ఆమె కూడా ముక్కు పీల్చి చూసింది. నిజంగానే ఏ వాసనా లేదు. అంత కంపు క్షణాల్లో ఎటు పోయిందో ఆమెకు అంతుపట్టలేదు. కణతలు బిగుసుకుపోయాయి. రా పైకి అని మళ్ళీ అనబోయేంతలో లోపల ధబ్బుమని శబ్దమైంది. అరుపు లేదు, మూలుగు లేదు.

తమ్ముడు మోటారు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. లోపల మోకాలి లోతు నల్లటి నీళ్ళలో సన్నోడు బోర్లా పడి ఉన్నాడు. తమ్ముడు మరో ఆలోచన లేకుండా నిచ్చెన మీద కాలు పెట్టాడు. అప్పుడే ఆమె మనసులో ఆ గాజు సీసా మెదిలింది. ఒకటి, దాని వెనక ఒకటి. ఆమె బకెట్టు వదిలేసి వెనక నుంచి అతని నడుం రెండు చేతులా పట్టి లాగింది. ఇద్దరూ గచ్చు మీద పడ్డారు.

“వదులక్కా! వాడు చచ్చిపోతాడు!”

“నువ్వు దిగితే నువ్వూ చస్తావు.”

అతను గింజుకున్నాడు. తోబుట్టువువి కావు, దయ్యానివన్నాడు. మోచేత్తో కొట్టాడు, ఆమె పెదవి చిట్లింది. ఆమె వదల్లేదు. చేతులు అలాగే బిగించి మేనేజరు కోసం కేకలు వేసింది. పరుగెత్తుకొచ్చిన ఆయన్ని ఫైరింజనుకు ఫోన్ చేయమనీ, తొట్లకు గాలి పట్టే మిషన్ గొట్టం పీకి తెచ్చి సంపులో వేయమనీ చెప్పింది. మేనేజరు తెచ్చిన, చివర కొక్కెమున్న చేపల వల కర్రను, ఒక చేత్తో నడుం వదలకుండానే, తమ్ముడి చేతిలో పెట్టి, పైనుంచే సన్నోడి చొక్కా పట్టుకోమంది. ఏదో ఒకటి చేయడానికి దొరికాక అతను కాస్త నిలకడకొచ్చాడు. చాలాసార్లు జారాక కొక్కెం కాలరుకు తగిలింది. సన్నోడి ముఖం నీటి పైకి లేచింది. ఆ ముఖాన్ని అలా నీళ్ళకు పైన పట్టుకుని, రెప్ప వేయకుండా, ఫైరింజను వచ్చేదాకా తమ్ముడు గొంతుక్కూర్చున్నాడు.

ముఖానికి మాస్కు కట్టుకున్న మనిషి దిగి తాడుతో పైకి చేర్చాడు. ఆసుపత్రికి చేరేలోపే సన్నోడి ప్రాణం పోయింది.

కుళ్ళిన చోట పుట్టే ఆ గాలి ఎక్కువైతే ముందు ముక్కు పనిచేయడం మానేస్తుందనీ, వాసన తెలియకపోవడమే ఎక్కువ ప్రమాదమనీ ఫైరింజను అధికారి మేనేజరుకు చెబుతుంటే పీతలక్క విన్నది. రెండోవాడు దిగి ఉంటే రెండు శవాలు లాగేవాళ్ళమని కూడా అన్నాడాయన. ఆ మాట ఆమెకు ఊరట అనిపించలేదు. దిగొద్దని గట్టిగా రెండోసారి ఎందుకు అనలేకపోయానని అప్పటికే మనసు తొలుస్తోంది.

సన్నోడి తల్లి పీతలక్కను చూసి ఏడవలేదు. నీవాణ్ణి నువ్వు గట్టిగా పట్టుకున్నావమ్మా, నావాణ్ణి పట్టుకునేవాళ్ళు లేకపోయారు అని మాత్రం అంది. పీతలక్కకు మరదలైన సన్నోడి అక్క ఆ రోజు పక్కనే ఉంది. ఒక చేతిలో భర్త చెయ్యి, ఎదురుగా తన తమ్ముడి శవం. ఏ వైపు చూడాలో తెలియని ఆ చూపును పీతలక్క మరిచిపోలేకపోయింది. కొన్నాళ్ళ తరువాత మరదలు తనంతట తానే ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

“ఆయన్ని నువ్వు పట్టుకోకుండా ఉంటే బాగుండేదని ఒక్కో రోజు అనిపిస్తుంది వదినా. అలా అనిపించినందుకు నా మీద నాకే భయమేస్తుంది.”

పీతలక్క ఆమెను లోపలికి పిలిచింది. ఆమె రాలేదు.

విచారణ జరిగింది. మేనేజరును పనిలోంచి తీసేశారు. ఆక్వేరియం మూతపడింది. బతికున్న జీవాల్ని సముద్రంలో వదిలే పని పీతలక్క మీద పడింది. పీతల టబ్బు రాళ్ళ మధ్య మడుగులో వంచింది. అవి కాసేపు బెదిరి గుల్లల్లోకి ముడుచుకున్నాయి. తరువాత కళ్ళు బయటపెట్టి, గుల్లలు ఈడ్చుకుంటూ తలో దిక్కుకు జారుకున్నాయి. గుల్ల వదిలిన పెద్ద పీత మాత్రం టబ్బులోనే ఎప్పుడో చచ్చిపోయింది. దాని గుల్లలో వేరొకటి కాపురం పెట్టేసింది. అదీ మిగతావాటితో వెళ్ళిపోయింది.

తమ్ముడు ఇప్పుడు ఒక మిల్లులో మోటార్లు చూస్తున్నాడు. నేల కిందకు దిగే పని ఇస్తే చేయనని ముందే చెప్పి చేరాడు. చాలా కాలం అక్కతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వచ్చి, తలుపు దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాడు. ఆమె నీళ్ళిచ్చింది. గ్లాసు తాగకుండా చేతిలో పట్టుకుని అడిగాడు.

“లోపల పడింది నేనై, పైన ఉన్నది వాడైతే, వాణ్ణి ఆపేదానివా అక్కా?”

ఆపేదాన్నే అనాలనుకుంది. నోటి దాకా వచ్చింది. తమ్ముడి ముఖం చూశాక ఆ మాట పెగల్లేదు. అతను చిన్నప్పటి నుంచీ ఆమె అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తాడు.

“తెలియదురా,” అంది.

అతను తలూపాడు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, వెళ్ళొస్తానని కూడా అనకుండా లేచి వెళ్ళాడు. ఆ తరువాత కూడా అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాడు. ఎప్పుడొచ్చినా తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చుంటాడు. తలుపు మూయనివ్వడు.