పదకొండు పాఠాలు, ఒకే గొంతు

డాన్యూబు నది ఒడ్డునున్న రూసే పట్నంలోని ఒక కాలేజీలో ఆ చలికాలం చదువుతో పాటు కొత్తగా ఒక పని పెట్టారు. వేర్వేరు శాఖల పిల్లల్ని ముగ్గురి చొప్పున జట్లు కట్టి, ఊళ్లో ఎవరికైనా పనికొచ్చేది ఏదైనా పది వారాల్లో చేసి చూపించమన్నారు; బాగా చేసిన జట్టుకు బహుమతి. నలుగురినీ కలుపుకొని నడిపించడం తరగతి గదిలో కూర్చుంటే రాదని ఈ పని చూసే మింకోవా మేడమ్ నమ్మకం. వ్యవసాయ యంత్రాల శాఖలో మూడో ఏడు చదివే నెవ్యానాను ఆవిడే ఒక జట్టుకు నాయకురాలిని చేసింది. భౌతికశాస్త్రం చదివే ఒగ్న్యాన్, సంగీతం చదివే కాలినా ఆమె జట్టు.

చూపులేని పిల్లల కోసం హైస్కూలు పాఠాలు చదివి రికార్డు చేద్దామని ముగ్గురూ అనుకున్నారు. రెండో వారం నుంచి ఒగ్న్యాన్ రావడం మానేశాడు. మూడో వారానికి కాలినా కూడా కనబడలేదు. ఎందుకు రాలేదని నెవ్యానా అడగలేదు. రాకపోతే పోనీ, నేను చాలనుకుంది.

కాలేజీలో గోడలకు దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది ఒకటి వాళ్లకిచ్చారు. రోజూ మధ్యాహ్నం ఆమె ఒక్కతే అక్కడికి వెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చదివేది. తన గొంతు తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. మధ్యలో మెట్ల మీద కూర్చుని జున్ను పెట్టి కాల్చిన బానిత్సా తినేది. ఎవరైనా నవ్వుకుంటూ పోతుంటే, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, చేతులు దులుపుకొని మళ్లీ లోపలికి వెళ్లేది. జట్టు భారమంతా తన ఒక్కదాని మీదే ఉందన్న గర్వం కొంత ఉండేది. ఆ గర్వం సాయంత్రం హాస్టలు చేరేసరికి మిగిలేది కాదు.

ఆరో వారంలో పదకొండు పాఠాలు పట్టుకుని అంధుల సంఘానికి వెళ్లింది. అక్కడ రికార్డులు విని బాగోగులు తేల్చేది స్టామెన్ అనే పెద్దాయన. ఆయనకూ చూపు లేదు.

"తప్పుల్లేవమ్మా, బాగా చదివావు. కానీ పదకొండింట్లోనూ ఒకే గొంతు. మీరు ముగ్గురని మీ మేడమ్ చెప్పిందే! మిగతా ఇద్దరూ ఏమయ్యారు, డాన్యూబులో పడ్డారా?"

"వాళ్లకి శ్రద్ధ లేదు తాతా. రావట్లేదు."

"పిలిచావా?"

నెవ్యానా తల అడ్డంగా ఊపింది.

"నోటితో చెప్పమ్మా. నువ్వు తలూపితే నాకేం కనబడుద్ది?"

"పిలవలేదు."

"మరి పిలువు. పొద్దస్తమానం ఒకే గొంతు వింటే పిల్లలు నిద్రపోతారు."

మర్నాడు భౌతికశాస్త్రం ప్రయోగశాలకు వెళ్లింది. ఒగ్న్యాన్ తీగలు కలుపుతూ తలెత్తలేదు.

"రావడం మానేశావేంటి?" అంది.

"ఇ... ఇప్పుడు గుర్తొచ్చానా? మొదటి రోజు రెండు వాక్యాలు చదివానో లేదో, నా చేతిలోంచి కాగితం తీసేసుకున్నావ్. 'పర్లేదు, నేను చదివేస్తాలే' అన్నావ్. పైగా న... నవ్వుతూ."

"నీకు ఇబ్బందవుతుందని..."

"నా నత్తి సంగతి నాకు తెలీదా? ఒక్క మాట నన్నడిగితే ఏం పోయింది? కాలినాని పాఠం చదవమంటే పాట పాడుతున్నావేంటన్నావ్. ఆ పిల్ల ఏడ్చింది, తెలుసా?"

నెవ్యానాకు తెలియదు. ఆ రోజు తానెంతో ఓపిగ్గా ఉన్నాననే ఇన్నాళ్లూ అనుకుంటోంది.

"తప్పు నాదే. రేపు రా. ఎంతసేపు పట్టినా పట్టనీ," అంది.

"చూస్తాను."

కాలినా అయితే తన హాస్టలు గది తలుపు సగమే తెరిచింది. "ఏంటి, మహారాణిగారికి మాతో పనిపడిందా?" అంది. నెవ్యానా ఆమెకూ అదే మాట చెప్పి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది.

ఒగ్న్యాన్ వచ్చాడు. వెలుతురు గురించిన పాఠం, పది పేజీలు, గంటన్నర చదివాడు. నెవ్యానా బయట బెంచీ మీద కూర్చుంది. లోపల అతను ఒక మాట దగ్గర ఆగినప్పుడల్లా ఆ మాట ఆమె నాలుక మీదికి వచ్చేది. మూడుసార్లు లేచి తలుపు దాకా వెళ్లి, మూడుసార్లూ వెనక్కి వచ్చి కూర్చుంది. ఏ పనీ చేయకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకు అంతకు ముందు తెలియదు.

ఆ పాఠం విని స్టామెన్, "ఈ అబ్బాయి ఆగినచోట నేనూ ఆగి ఆలోచించుకున్నాను. ఉంచండి," అన్నాడు. తరువాతి వారం కాలినా కూడా వచ్చింది. నెవ్యానాతో ముక్తసరిగా మాట్లాడేది కానీ, మానకుండా వచ్చేది. మరో తొమ్మిది పాఠాలు పూర్తయ్యాయి. బహుమతి వేరే జట్టుకు వెళ్లింది.

చివరి రోజు ఒగ్న్యాన్, కాలినా ఇద్దరూ చదివేటప్పుడు దొర్లిన ఏదో తప్పుకు పడీ పడీ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. "వెళ్లొస్తాం నెవ్యా, తాళం నువ్వు వేస్తావుగా," అని కోట్లు వేసుకుని వెళ్లిపోయారు. నేనూ వస్తానని అనబోయి, తాళం అందుకుంది.

తాళంచెవి కాపలాదారుకు అప్పగించి వీధిలోకి వచ్చింది. నది మీదినుంచి పొగమంచు పాకుతోంది. మూలమీది మిఠాయి దుకాణం అద్దంలోంచి ఇద్దరూ కనిపించారు, చేతుల్లో బోజా అనే పులిసిన ధాన్యపు పానీయం గ్లాసులు. కాలినా ఏదో చెబుతుంటే ఒగ్న్యాన్ తాపీగా, తడబడుతూనే, మధ్యలో అడ్డొస్తున్నాడు. ఆమె విని నవ్వుతోంది. నెవ్యానా కాసేపు నిలబడింది. హాస్టలు వైపు బస్సు వస్తే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.