కొంగలు కక్కిన వాకిలి

పొద్దుగాల లేవంగనే ఆండాళు ముక్కుకు చెంగు కట్టుకొని వాకిట్ల కొంగలు కక్కింది ఎత్తిపోస్తది. ఊడ్చుడు, సానుపు చల్లుడు, ముగ్గేసుడు ఆ తర్వాత సంగతి. ఆ ఊర్ల ఆడోళ్లందరికీ పొద్దుగాలటి పని అదే.

ఊరి చెరువుకు మూసీ కాలువ నీళ్లొస్తయి. నల్లటి నీళ్లు, మీద సబ్బు నురగ. నీళ్లల్ల మునిగిన తుమ్మచెట్ల మీద బూడిద కొంగలు గూళ్లు పెడ్తయి. మనిషి నడుమంత ఎత్తుంటయి. నీళ్లల్ల ఎవరేం పారేసినా చేప అనుకొని మింగుతయి. అరగనిదాన్ని మోసుకొచ్చి, ఎవరు పారేసిన్రో వాళ్ల గడప ముందటనే కక్కుతయి. గుర్వయ్య గడప ముందు మందు సీసాల మూతలు. పక్కింటి ప్రమీలమ్మ గడప ముందు షాంపూ పొట్లాలు. ఒకరిది ఇంకొకరి గడప ముందు పడ్డది ఎన్నడూ లేదు. అందుకే ఆ ఊర్ల పిల్లనిచ్చేటోళ్లు జాతకం కన్న ముందు పిల్లగాని గడప చూస్తరు.

ఆండాళు గడప ముందు రబ్బరు పేలికలు పడ్తయి. వాళ్లు మగ్గం నేసేటోళ్లు. నూలుకు రంగు అద్దేటప్పుడు, రంగు అంటకూడని జాగల సైకిల్ ట్యూబు పేలికలతోని బిగించి చుడతరు. దాన్నే చిటికి కట్టుడు అంటరు. విప్పిన పేలికలు ఇంటి తూములకెళ్లి కాలువల పడితే కొంగలకు ఎర్రలలెక్క కనవడ్తయి. కొంగ కడుపుల నుంచి తిరిగొచ్చిన పేలికలు జిగటజిగటగ, కుళ్లిన చేప వాసన కొడ్తయి. ఇన్నేండ్లసంది ఎత్తిపోస్తున్నా ఆండాళు ఆ వాసనకు అలవాటు పడలే.

"కాలువల పారేసుడు మనం బంద్ చేస్తే, కక్కుడు అవి బంద్ చేస్తయి," అని మగని మీద గులుగుతది.

"రేపటిసంది చేద్దాం తియ్యి," అంటడు వెంకటరాజం. ఆ రేపు ఎన్నడూ రాలే.

వాళ్ల బిడ్డ శ్రీలత. చిటికి కట్టుట్ల ఆ పిల్ల చెయ్యి తిరిగింది. ముప్పై దాటినయి. వచ్చిన సంబంధాలోళ్లు గోర్లల్ల రంగు చూసి, ఛాయ తాగి, మల్ల కబురు పెట్టలేదు. ఇగ ఈ చలికాలం కృష్ణకాంత్ వచ్చిండు. పట్నంల ఉంటడు, కొంగల ఫొటోలు తీస్తడు. తాతలది ఈ ఊరే, మనోళ్లే. ఆండాళు ఇంటి పక్క అర్ర కిరాయికి తీసుకున్నడు. దానికి తలుపు వేరే, గడప వేరే.

సంక్రాంతి పోయింది, శివరాత్రి దగ్గరికొచ్చింది. కృష్ణకాంత్ గడప ముందు పుల్ల కూడ పడలే.

"సూడే, ఎంత శుభ్రం మనిషో," అన్నడు వెంకటరాజం. "మన ఊర్ల గిసొంటి గడప ఉన్నదా?"

కృష్ణకాంత్ తీసిన ఫొటోలు శ్రీలతకు చూపెట్టేటోడు. రెక్కలు చాపి, మెడ సాగదీసి, ముక్కున చేప పట్టిన కొంగ. దాని కాళ్లకింద మెరిసే నీటిబొట్లు. మూసీ నీళ్లు అట్ల మెరుస్తయని శ్రీలత ఎన్నడూ అనుకోలే.

"అన్ని కొంగలు ఒక్క జాగలనే దిగుతున్నయి, ఎట్ల?" అని అడిగింది.

"ఓపిక ఉండాలె," అన్నడు. ఆ పిల్ల నమ్మింది. నమ్మబుద్ధయింది కూడ.

తాంబూలాలు మార్చుకున్నరు. కృష్ణకాంత్ శ్రీలత వేలికి ఉంగరం తొడిగి, "అత్తమ్మా" అని ఆండాళు కాళ్లు మొక్కిండు. ఆమెకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

తెల్లారి ఆండాళు తలుపు తీస్తే వాసన వేరే తీరుగ కొట్టింది. గడప ముందు కుప్ప. సగం అరిగిన చేపలు. పొట్టలు కోసి, తెల్లటి థర్మాకోల్ ముక్కలు కుక్కి, నైలాను దారంతోని కుట్టి ఉన్నయి. ఇనుప గాలాలు. ఒక గాలానికి ఎర్రటి కండ అంటుకొని ఉన్నది. పక్కన ఒక కొంగ మెడ కిందికి పైకి కొట్టుకుంట ఇంకా కక్కుతున్నది. ముక్కులకెళ్లి దారం వేలాడుతున్నది. ఆండాళు గోడ పట్టుకొని వాంతి చేసుకున్నది.

ప్రమీలమ్మ గోడ మీదికెళ్లి తొంగి చూసింది. "వదినే, గది మీది కాదు గదా?"

"మాది కాదు."

"నిన్నటిసంది మీ ఇంటోడే గదా. కొంగలకు కిరాయి గడప లెక్కకొస్తదా? సొంతది దొరికినంక తెచ్చి పోసినయి."

వెంకటరాజం గొంతు తగ్గించిండు. "జర మెల్లగ. పెండ్లయినంక మారుతడు. పది మందిల తాంబూలం ఇచ్చినం."

శ్రీలత కుప్ప కాడికి వచ్చింది. కృష్ణకాంత్ పళ్లు తోముకుంట బయటికొచ్చిండు. మెడల కెమెరా.

"ఇవి నీయేనా?" అని శ్రీలత అడిగింది.

కుప్పను చూసి నవ్విండు. "అందరు చేసేదే శ్రీలతా. చచ్చిన చేప నీళ్ల మీద తేలాలె, గాలంతోని ఒక్క జాగల ఆగాలె గదా. నేను రమ్మంటే కొంగ వస్తదా?"

"గొంతుల గాలం ఇరికింది."

"ఒకటో రెండో పోతయి. ఫొటో అయితే వస్తది గదా." ఇంతల కొంగ మల్ల మెడ సాపింది. ఆయన బ్రష్షు నోట్లనే పెట్టుకొని కెమెరా ఎత్తిండు. "జర పక్కకు జరుగు. కక్కుతున్నప్పుడు మంచిగ పడ్తది."

శ్రీలత జరగలే. పోయి కొంగ మెడను చంకల బిగవట్టింది. చిటికి ముడులు విప్పే వేళ్లు అవి. నోట్లకు పోనిచ్చి, తడుముకుంట గాలం తిప్పింది, విడిపించింది. రవికె నిండ చేప జిగట, నెత్తురు. కొంగ ఎగిరి చెరువు దిక్కు పోయింది.

అప్పుడు ఆ పిల్ల ఉంగరం తీసి కుప్ప మీద వేసింది. కుప్పంత చాటల ఎత్తి, పక్క అర్ర గడప ముందు కుమ్మరించింది.

"ఇగో, నీది," అన్నది.

కృష్ణకాంత్ ఆ జిగటల ఉంగరం వెతుక్కొని, పగటి బస్సుకు పోయిండు. వెంకటరాజం ఆ దినం బువ్వ ముట్టలే.

తెల్లారి తలుపు తియ్యాలంటే ఆండాళుకు చెయ్యి రాలే. ఆఖరికి తీసింది. గడప ముందు చేప లేదు, దారం లేదు. రబ్బరు పేలికలు పడి ఉన్నయి, జిగటజిగటగ. అదే వాసన.

"మనయే," అన్నది లోపలికి వినవడేటట్టు.

లోపల వెంకటరాజం లేచి, కాలువ దిక్కున్న తూముల గోనెసంచి కుక్కుతున్నడు.