మన్నూబియా దగ్గే చెయ్యి

స్ఫాక్స్ ఆసుపత్రిలో డాక్టర్ షేద్లీ పొద్దున్నే మంచం మంచం దగ్గరా ఆగి, "లాబాస్?" అంటాడు, కులాసాయేనా అని. ఆ ఊళ్ళో కాలు విరిగి పడున్నవాడు కూడా "లాబాస్" అనే అంటాడు. అది అబద్ధమైతే అదే వార్డులో ఉన్న మన్నూబియా కుడిచెయ్యి దగ్గుతుంది. ఆ దగ్గు విని నర్సు అబద్ధమాడినవాడికి నొప్పి మాత్ర తెచ్చిస్తుంది. అంతే, ఇందులో వింతేముంది!

మన్నూబియా శ్వాసనాళం పాడైపోయింది. మెడకు చేసిన రంధ్రంలోంచే గాలి పీలుస్తుంది, మాట్లాడాలంటే దాన్ని వేలితో మూసుకుంటుంది. ఎవరో చనిపోయిన పుణ్యాత్ముడి శ్వాసనాళాన్ని ఆమె కుడి ముంజేతి చర్మం కింద పెట్టి కుట్టారు. అక్కడ దానికి రక్తనాళాలు అల్లుకున్నాక తీసి మెడలో అతకాలి. అందుకు నెలలు పడతాయి. రొట్టెలు కాల్చి బతికే మనిషికి ఆ చెయ్యి కదపకుండా కూర్చుని కూర్చుని ప్రాణం విసిగిపోయింది.

"ఇంక నా వల్ల కాదు డాక్టరు గారూ. టాక్సీ తోలే ఖమైస్‌కి మెడలో ప్లాస్టిక్ గొట్టం వేశారుగా, చిటికెలో! నాకూ అదే వేసెయ్యండి. ఇంతకీ వాడెలా ఉన్నాడు?"

ఆ గొట్టం షేద్లీ సొంత తయారీ. ఇంకొక్కరికి వేస్తే తన పేరు నిలబడుతుందని పాడు ఆశ.

"లాబాస్," అన్నాడు.

చెయ్యి దగ్గింది. తెరలు తెరలుగా, ఆగకుండా దగ్గింది. వార్డంతా తల తిప్పి చూసింది. నర్సు అలవాటు కొద్దీ మాత్ర తెచ్చి డాక్టరుకే అందించబోయింది.

ఛీ, ఏం బతుకిది అనిపించింది ఆయనకు. తలెత్తలేకపోయాడు.

"పోయాడమ్మా. గొట్టం ఒంట్లో కలవలేదు, చీము పట్టింది. వాళ్ళమ్మకి మాత్రం గుండె ఆగిందని చెప్పాను."

ఈసారి చెయ్యి దగ్గలేదు.

"సిగ్గు లేదూ నీకు? నన్నూ చంపేవాడివే కదరా!" మన్నూబియా చెయ్యిని ఒళ్ళోకి లాక్కుంది. "ఎన్నాళ్ళైనా ఇది తయారయ్యేదాకా కూర్చుంటాను. నువ్వు ముందు ఆ తల్లికి ఫోన్ చెయ్యి. ఇక్కడే, నా ముందే."

చేశాడు. అవతల ముసలావిడ గొంతు గుర్తుపట్టి సంబరపడిపోయింది.

"మా ఖమైస్‌ని చూసిన డాక్టరు బాబేనా! లాబాస్, నాయనా? ఇంట్లో అందరూ లాబాస్?"

షేద్లీ మన్నూబియా చెయ్యి వైపు చూశాడు.

"లేదమ్మా," అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆ జవాబు ఆవిడ పుట్టి బుద్ధెరిగాక విని ఉండదు. అవతల కూర్చోడానికి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.