రెండు కొసల పట్టీ

వెనకాయన మంచం మీద కూర్చుని పట్టీ చుడుతున్నాడు. అరచెయ్యంత వెడల్పున్న మందపాటి నూలు పట్టీ అది. రెండు కొసల్లోనూ చెయ్యి దూరేంత మడత కుట్టి ఉంటుంది. అద్దం పలకని దాని మీద నిలబెట్టి, ముందు కొస ఒకరూ వెనక కొస ఒకరూ పట్టుకుని మోస్తారు. కుట్టింది ఆయన భార్య. ముందు కొసకి రెండు వరసల కుట్టు వేసి, వెనక కొసకి ఒక్క వరసతో సరిపెట్టింది. ముందు నడిచేవాడు ఆవిడ తమ్ముడు మరి. "మొగుడి చెయ్యి ఏమైపోయినా పర్లేదు గానీ" అని ఆయన ఇన్నేళ్లుగా దెప్పుతూనే ఉన్నాడు. ఆవిడ ఇన్నేళ్లుగా వినిపించుకోవడం లేదు.

పలక మోసేటప్పుడు ఎప్పుడూ వెనకే ఉంటాడు కనుక వెనకాయన అనే పేరు స్థిరపడిపోయింది. ముందువాడికి దారి కనిపిస్తుంది. వెనకవాడికి అద్దంలోంచి ముందువాడి వీపు కనిపిస్తుంది. బావమరిది మెడ మీది జుట్టు నెరవడం వాడికంటే ముందు ఈయనే చూశాడు. పలక దించేటప్పుడు ఒకటే నియమం. వెనకవాడు "వదులు" అనేదాకా ముందువాడు చెయ్యి తియ్యకూడదు. పని నేర్చుకునే రోజుల్లో బావమరిది ఒకసారి ముందే వదిలేశాడు. ఆ గుర్తు వెనకాయన పాదం మీద ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత వాడు మళ్ళీ ఎప్పుడూ తొందరపడలేదు.

ఈ పరాయి దేశపు నగరంలో కొత్త భవనానికి అద్దాలు బిగించే పని నిన్నటితో అయిపోయింది. రేపు విమానం. ఇవాళ ఊరు చూడాలని జట్టు నిర్ణయం. వెనకాయనకి మాత్రం పొద్దుటి నుంచీ మనసు మనసులో లేదు. అక్క కోసం కొన్న శాలువాని బావమరిది తెచ్చి ఈయన సంచిలో కుక్కాడు. "నా పెట్టెలో చోటు లేదు బావా" అన్నాడు. తలుపు పక్కనున్న ఆ పెట్టెని వెనకాయన కాలితో జరిపి చూశాడు. సగం ఖాళీ.

అందరికన్నా ముందు తయారై గుమ్మంలో నిలబడ్డవాడు పుట్టీ. అద్దం కదలకుండా అంచులకి పుట్టీ ముద్ద పెట్టడం అతని పని, నోరు మూతపడకపోవడం అతని గుణం. "పదండి పదండి, తిరిగి వెళ్ళాక ఏం చూశారంటే అద్దాలు చూశామని చెప్తారా?" అన్నాడు.

చూసింది నిజంగా అద్దాలే. పుట్టీ ఫోన్లో దారి చూపిస్తుంటే బజారు వీధులన్నీ తిరిగారు. దుకాణాల ముందు ఆగినప్పుడల్లా వెనకాయన లోపలి సరుకు చూడకుండా అద్దం అంచు రబ్బరుని బొటనవేలితో నొక్కి చూసేవాడు. బావమరిది ఎక్కడా నిలవలేదు. కాఫీ సగం తాగి లేచాడు. బస్సు ఆగకముందే తలుపు దగ్గరికి వెళ్ళాడు. నది వంతెన మీద పుట్టీ ఫొటో తీస్తానంటే, తీసేలోపే పది అడుగులు అవతలున్నాడు. నోటి దాకా వచ్చిన మాటేదో ప్రతిసారీ మింగేస్తున్నాడు. చెప్పవేంరా, చెప్పి చావు, అని వెనకాయన లోలోపల విసుక్కున్నాడు. అడగడం మాత్రం తన వల్ల కాలేదు. అడిగితే నిజమైపోతుంది.

మధ్యాహ్నం ఎత్తైన గోపురంలాంటి భవనం ఎక్కారు. పై అంతస్తులో ఒక మూల నేలంతా అద్దమే. కింద కార్లు చీమల్లా పాకుతున్నాయి. వెనకాయన అంచు దగ్గరే ఆగిపోయాడు.

"జన్మంతా అద్దాలు మోసి, అద్దం మీద కాలు పెట్టడానికి భయమా పెద్దాయనా?" అన్నాడు పుట్టీ.

"నువ్వు పుట్టీ పెట్టినదైతే అసలు మెట్లే ఎక్కేవాణ్ణి కాదు."

పుట్టీ నవ్వుకుంటూ ఫొటోలకి పోయాడు. బావమరిది అద్దం మధ్యకి నడిచి వెనక్కి తిరిగాడు. "రా బావా. నేను ముందున్నాగా."

ఆ మాటకి కాళ్ళు వాటంతటవే కదిలాయి. పక్కన నిలబడ్డాక బావమరిది కిందికి చూస్తూనే అన్నాడు.

"నేను రేపు రావట్లేదు బావా."

"తెలుసు."

"ఇక్కడి కాంట్రాక్టరు అడిగాడు. కాగితాలన్నీ వాళ్ళే చూసుకుంటారట. నా కింద ఒక జట్టు పెడతారు. ఇక్కడ మోసే పనే లేదు, అన్నీ మిషన్లే ఎత్తుతాయి."

"మీ అక్క ఏమంది?"

"అక్కకి చెప్పలేదు. నీకే చెప్తున్నా. నువ్వు వద్దంటే ఉండను."

వెనకాయనకి ఒళ్ళు మండింది. "పెట్టె సర్దుకున్నాక అడుగుతున్నావా?"

"అక్కడ నాకేముంది చెప్పు? పెళ్ళా, పిల్లలా? మీ ఇంట్లో ముందు గది. ఏ పనికెళ్ళినా నీ బావమరిదిని. అది తక్కువని కాదు బావా. కానీ ఒకసారి నా అంతట నేను చేసి చూడాలనుంది."

బయల్దేరిన రోజు విమానాశ్రయంలో భార్య అన్న మాట వెనకాయన చెవిలో గింగురుమంటోంది. "ఇద్దర్నీ పంపిస్తున్నాను. ఇద్దరూ రావాలి." వద్దు అని ఒక్క మాటంటే చాలు, వాడు వచ్చేస్తాడు. పెట్టె తెచ్చుకుని, పక్క సీట్లో కూర్చుని, మళ్ళీ ఆ ముందు గదిలోకే వస్తాడు. ఆ ఒక్క మాటా నాలుక చివరే ఉంది. వాడు లేని పనిని ఊహించుకుంటే ఆయనకి నిజంగా భయం వేసింది. ఇంకొకడి వీపు వెనక నడవడం ఈ వయసులో ఎలా నేర్చుకోవాలి?

తిరుగు బస్సులో ఉండగా భార్య ఫోన్ చేసింది. "వాడు సరిగ్గా తింటున్నాడా? ముందు గదికి రంగు వేయించాను, వాడికిష్టమైన నీలం. చెప్పకండి, వచ్చాక చూస్తాడు."

"సరే," అన్నాడు వెనకాయన. రెండు సీట్ల ముందు బావమరిది కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. చొక్కా భుజాల దగ్గర బిగుతుగా ఉంది. వాడు ఊపిరి బిగబట్టి ఉన్నాడని ఆ వీపు చూస్తేనే తెలిసిపోతోంది.

బసకి చేరేసరికి పొద్దు వాలింది. బావమరిదిని కొత్త బసకి తీసుకెళ్ళడానికి గేటు ముందు కాంట్రాక్టరు వ్యాను ఆగి ఉంది. పుట్టీకి సంగతి గదిలోకి వచ్చాకే తెలిసింది. జోకు వెయ్యబోయి, వెయ్యలేక, బావమరిదిని గట్టిగా కావలించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వెనకాయన మంచం మీది పట్టీ తీసి చాపాడు. "ఇది పట్టుకెళ్తావా?"

"మోసే పని లేదుగా బావా."

"నిజమే." మళ్ళీ మంచం మీద పడేశాడు.

ఒక చేత్తో ఎత్తగలిగే పెట్టెని ఇద్దరూ చెరో వైపూ పట్టుకుని మెట్లు దిగారు. బావమరిది ముందు, ఈయన వెనక. "మెట్టు" అని వాడు చెప్పాడు, "మలుపు" అని చెప్పాడు. వ్యాను వెనక తలుపు తీసి ఉంది. పెట్టెని అంచు మీద ఆనించారు. పని అయిపోయింది, కానీ వాడు చెయ్యి తియ్యలేదు. వెనక్కి తిరగలేదు కూడా. తల వంచుకుని అలాగే నిలబడ్డాడు.

ఈయన కళ్ళు నిండిపోయాయి. రంగు వేసిన గది గుర్తొచ్చింది. ఇంట్లో ఏం చెప్పాలో తెలియలేదు. పెట్టె బరువంతా ఒక్క క్షణం తన వైపే లాక్కుని చూశాడు.

"వదులు," అన్నాడు.

వాడు చెయ్యి తీశాడు.

వ్యాను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే ఉండి, తర్వాత గదికి వచ్చి దీపం వేశాడు. అవతలి మంచం మీద దుప్పటి మడిచి ఉంది. ఫోన్ మోగింది, భార్య. తియ్యాలి. ఇవతలి మంచం మీద పట్టీ చుట్ట సగం విడిపోయి, చెమటకి నల్లబడిన ముందు కొస కిందికి వేలాడుతోంది. అక్క వేసిన రెండు వరసల కుట్టులో ఒక్క పోగు కూడా ఊడలేదు.