కరెంటు పోతే వచ్చే ఫోను

మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే తాడును కాశీరావు నీళ్ళలోంచి మెల్లిగా పైకి లాగాడు. పళ్ళెమంత వెడల్పున్న వలగుడ్డలో గుప్పెడు రొయ్యలు చిటపట ఎగిరిపడ్డాయి. రాత్రి వేసిన మేత గింజ కూడా మిగల్లేదు. ఒక రొయ్యను తోక పట్టి వెలుగుకు ఎత్తి చూశాడు. వీపు మీద పేగు నల్లటి గీతలా నిండుగా ఉంది. “బానే మెక్కుతన్నారు దొరలు” అంటూ దాన్ని నీళ్ళలోకి వదిలేశాడు. ఆ మాట అతనికే వినపడలేదు. నాలుగు పక్కలా ఏరియేటర్ల మోత.

ఏరియేటర్లంటే చెరువు మీద తేలే చక్రాలు. రెక్కలతో నీళ్ళను చిలికి చిలికి గాలి కలుపుతాయి. అవి తిరిగినంతసేపే రొయ్యకు ఊపిరి. పిల్లగా ఉన్నప్పుడు పగటిపూట ఆపినా ఫరవాలేదు గాని, ఎదిగేకొద్దీ రాత్రీ పగలూ తిప్పాల్సిందే. పంట ఇప్పుడు పట్టుబడికి వచ్చింది. వచ్చే వారం వలలు దిగుతాయి. అంచేత ఈ మధ్య దిబ్బ మీద మోత తప్ప మరొకటి లేదు.

నాగాయలంక రేవులో పడవెక్కి కృష్ణ పాయ దాటితే వస్తుంది ఆ దిబ్బ. మడ చెట్లు, కాళ్ళకు అంటుకునే ఉప్పు నేల, వాటి మధ్య చెరువులు. ఊరు లేదు, టీకొట్టు లేదు. మేత బస్తాల పడవ వచ్చినప్పుడే బియ్యం, ఉల్లిపాయలు, బీడీలు వస్తాయి. కనుచూపు మేరలో మరో మనిషంటే అవతలి చెరువుల కాపలాదారు యేసుకుమార్ ఒక్కడే. చీకటి పడ్డాక వాడు టార్చి ఊపుతాడు, ఇతను టార్చి ఊపుతాడు. ఆ పూటకు లోకంతో పలకరింపు అయిపోయినట్టే.

కాశీరావు ఒకప్పుడు సముద్రపు మనిషి. బందరు దగ్గర గిలకలదిండి నుంచి బోటు మీద వేటకు వెళ్ళేవాడు. ఇంజను పక్కనే బతికి బతికి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మెడ కింద ఎముకలు బయటపడ్డాయి, ఉప్పునీటికి పాదాలు పగిలాయి, చేతులు మాత్రం ఇంకా తాడు లాగేవాడి చేతుల్లాగే ఉన్నాయి. విజయవాడలో ఉండే వెంకటకృష్ణారావుగారి చెరువులకు కాపలా కుదిరాక, పట్టుబడికీ పట్టుబడికీ మధ్య ఇంటికి వెళ్ళి రావడం తప్ప దిబ్బ వదిలింది లేదు.

ఇల్లంటే పేరమ్మ. పిల్లలు లేరు. రేవు అవతల పల్లెపాలెంలో ఉంటుంది, గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. ఆమె వీధి మొదట్లో “చేపలో” అని కేకేస్తే వీధి చివర పిల్లులు లేచి కూర్చుంటాయని చెప్పుకుంటారు. అంత గొంతు కూడా ఈ మోతలో కాశీరావు చెవికి అందదు. ఫోనుకు సిగ్నలు అందేది జనరేటరు షెడ్డు తలుపు పక్కనే. అక్కడ మేకుకు ప్లాస్టిక్ కవర్లో బటన్ల ఫోను వేలాడుతుంటుంది. షెడ్డు చెరువుల నడిమధ్య కాబట్టి అక్కడే మోత ఎక్కువ. నాలుగడుగులు పక్కకు జరిగితే మోత ఎలాగూ తగ్గదు, సిగ్నలు మాత్రం పోతుంది. అందుకే పొద్దున్నే పేరమ్మ ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తుంది. లేచానని అర్థం. తెర మీద పేరు చూసుకుని కాశీరావు కూడా ఒక్క రింగు ఇస్తాడు. నేనూ ఉన్నానని అర్థం. ఈ పొద్దున కూడా ఆమె రింగు వచ్చింది, ఇతని రింగు వెళ్ళింది.

అయితే మాటలాడుకోవడానికి వాళ్ళకు ఒక దారుంది. దిబ్బకూ పల్లెపాలేనికీ కరెంటు ఒకే లైను మీద వస్తుంది. అక్కడ పోతే ఇక్కడా పోతుంది. తన ఇంట్లో ఫ్యాను ఆగిందంటే మొగుడి చెరువుల మీద చక్రాలు ఆగినట్టేనని పేరమ్మ తనంతట తానే కనిపెట్టింది. అప్పటినుంచీ ఫ్యాను రెక్కలు పూర్తిగా నిలవకముందే ఫోను అందుకునేది.

కరెంటు పోతే జనరేటరు వేయడం కాశీరావు పని. దాని సెల్ఫు పాడై చాలాకాలమైంది. ఇనప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పాలి. పట్టుకునేచోట పేరమ్మ పాత చీర చించి చుట్టి ఇచ్చింది, అరచేతులు బొబ్బలెక్కకుండా. పోయిన వెంటనే వేయాలని యజమాని కట్టడి. రొయ్య కాసేపు ఓర్చుకుంటుందని కాశీరావుకు తెలుసు. ఆ కాసేపే వాళ్ళ కాపురం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుండేది వ్యవహారం. ఎవరు ఎవరితో తగువు పడ్డారో, పండుగప్ప ఏం రేటు పలికిందో ఆమె గడగడా చెప్పేది. ఇతను కుడి చెవికి ఫోను నొక్కిపెట్టి ఊ కొట్టేవాడు. చివరికి ఆమే తొందరపెట్టేది. “ఇక ఎళ్ళు. పాపం తేలిపోతాయ్.”

పోయినసారి కరెంటు పోయినప్పుడు మాత్రం పేరమ్మ ఊరి కబుర్లు చెప్పలేదు.

“మార్కెట్లో చేపలమ్మే గట్టు ఒకటి ఖాళీ అయిందయ్యా. నా మోకాళ్ళు ఇంక గంప మొయ్యనంటన్నయ్. నువ్వు పక్కన కూకుని కోసిపెడితే చాలు, బేరం నే చూసుకుంటా. ఈ పట్టుబడవంగానే వచ్చేస్తావా, రావా? చూద్దాంలే అనమాక. ఒక మాట చెప్పు.”

కాశీరావు “చూద్దాంలే” అన్నాడు. అని హ్యాండిల్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు. బోటు నడిపినవాడు పెళ్ళాం పక్కన చతికిలబడి చేపల పొలుసు గీకడమేమిటన్న నామోషీ కొంత ఉండొచ్చు. ఏ మాటకైనా చూద్దాంలే అనే అలవాటు మరికొంత. ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. సముద్రంలో ఉన్నప్పుడూ ఆమె ఒక్కతే, దిబ్బ మీద ఉన్నప్పుడూ ఆమె ఒక్కతే. ఇన్నేళ్ళ కాపురంలో తన మొహం చూస్తూ ఆమె అన్నం తిన్న పూటలు ఎన్ని? తెల్లారేసరికి వెళ్ళిపోదామనే తేల్చుకున్నాడు. చెప్పడమే మిగిలింది.

ఇక కరెంటు పోతే ఒట్టు. లైను మీద కొత్త స్తంభాలు పాతి, కొత్త తీగలు లాగారు. దీపం రెప్ప కొట్టడం లేదు. ఊళ్ళన్నీ సంబరపడ్డాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు కాశీరావు ఒక్కడే స్తంభాల వైపు గుర్రుగా చూశాడు. ఒకరోజు ఉండబట్టలేక మోతలోనే ఫోను చేసి “వత్తానే” అని గొంతు చించుకున్నాడు. అవతలినుంచి ఏం వచ్చిందో తెలియలేదు, ఆమెకేం చేరిందో తెలియలేదు. అడిగిన మనిషికి అలా అరిచి చెబితే అది జవాబు కాదనిపించింది. నిదానంగా చెప్పాలి. చెప్పాక ఆమె ఏమంటుందో వినాలి. అది వినడానికే అతని ప్రాణం కొట్టుకుంటోంది.

ఎండ ముదిరాక మేత పడవ వచ్చింది. దాంట్లో అవనిగడ్డ ఎలక్ట్రీషియన్ ఆరోన్ దిగాడు. వెంట ఇనప పెట్టె ఒకటి దింపించాడు. గట్టు మీద నడుస్తూ కాశీరావు కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

“ఆటోమేటిక్కు బాబాయ్. కరెంటు పోతే జనరేటరు దానంతటదే ఏసుకుంటది. నువ్వు నిద్రలేవాల్సిన పన్లేదు.”

“అయితే చక్రాలు ఆగవా?” కాశీరావు కూడా అరిచాడు.

“ఆగే పనే లేదు. అందుకేగా అంత డబ్బోసి కొన్నది.”

కాశీరావు పెట్టె వైపు చూసి తలూపాడు. మంచి వస్తువే. రొయ్యలకు మంచిది, యజమానికి మంచిది, తన నడుముకూ మంచిదే. పేరమ్మతో మాట్లాడే ఆ కాసేపే ఇక ఉండదు.

ఆరోన్ పెట్టెను గోడకు బిగించి, తీగలు లాగి, చెమట తుడుచుకున్నాడు. బ్యాటరీ రేపు తెస్తానన్నాడు. రేపు కాసేపు మెయిన్ ఆపి కలిపేస్తే పని పూర్తవుతుందట. పడవ ఎక్కబోతూ ఆగాడు.

“పల్లెపాలెం మీంచే ఎళ్తన్నా బాబాయ్. పిన్నికేవన్నా చెప్పమంటావా?”

కాశీరావు నోరు తెరిచాడు. వస్తన్నానని చెప్పమంటే ఎంతలో పని? మామూలు మాటైతే చెప్పి పంపేవాడు. ఇది పెళ్ళాం అడిగిన మాట. పరాయివాడి నోట పంపడానికి సిగ్గేసింది.

“ఏం లేదు. బాగున్నానని చెప్పు.”

పడవ మలుపు తిరిగి మడ చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. కాశీరావు చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి మెయిన్ స్విచ్చి ముందు నిలబడ్డాడు. కిందికి లాగితే చాలు. నిశ్శబ్దం తన చేతిలోనే ఉంది. చెయ్యి స్విచ్చి మీద వేశాడు కూడా. కరెంటు దానంతటది పోతే అది దైవాధీనం. తను ఆపితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే. పైగా రేపు ఆరోన్ ఎలాగూ ఆపుతాడు, అప్పుడు తనే ఫోను చేసి చెప్పొచ్చు. ఇన్నాళ్ళు ఆగిన మాట ఒక్క పూట ఆగదా? చెయ్యి తీసేశాడు.

పొద్దు వాలుతుండగా మేత చల్లుతున్నాడు. చేతిలో బొచ్చె ఇంకా సగం ఉంది. ఉన్నట్టుండి దూరపు చెరువు మీద మోత సన్నగిల్లింది. తర్వాత ఇవతలిది. చక్రాలు ఒక్కొక్కటే బద్ధకంగా తిరిగి తిరిగి నిలిచిపోయాయి. గాలి చప్పుడు వినపడింది. మడ చెట్లలో కొంగల కలకలం వినపడింది. ఎక్కడో సముద్రపు హోరు కూడా.

కరెంటు పోయింది.

కాశీరావు బొచ్చె గట్టు మీద పడేసి పరుగందుకున్నాడు. ఆ వయసులో అలా పరిగెత్తడం ఎవరైనా చూస్తే నవ్వేవాళ్ళు. చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను మేకు మీంచి తీసి, అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. “వచ్చేస్తన్నానే, గట్టు చూసుకో” అనాలి. ముందు అదే అనాలి.

ఫోను మోగలేదు.

అలిగిందనుకున్నాడు. అలగదా మరి? అంత అడిగితే చూద్దాంలే అన్నాక ఏ ఆడదైనా అలుగుతుంది. మూతి ముడుచుకుని ఫోను వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. ఆ మూతి కళ్ళ ముందు మెదిలి నవ్వొచ్చింది. మరికాసేపు చూశాడు. నీళ్ళ అంచున సన్నటి మీసాలు కనిపించసాగాయి. రొయ్యలు గాలి కోసం గట్టు చేరుతున్నాయి. ఇంత ఆలస్యం అతనెప్పుడూ చేయలేదు. హ్యాండిల్ వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. తనే నంబరు నొక్కాడు.

మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. మూడోసారి ఎవరో ఎత్తారు.

“పేరమ్మా, వచ్చేస్తన్నానే...”

“బాబాయ్, నేను తిరుమలని.”

తిరుమల పక్కింటి పిల్ల. ఊపిరి అందనట్టు మాట్లాడుతోంది.

“కరెంటు పోతే పిన్ని నీతో మాట్లాడే మాటలు మా ఇంట్లోకి ఇనపడతయ్ గదా బాబాయ్. ఇయ్యాల ఇనపళ్ళేదు. ఇదేందబ్బా అని ఎళ్ళి చూశా. అన్నం తిని పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉంది. లేపితే లేవలేదు. ఒళ్ళు చల్లగా... ఎదురింటి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూశాడు బాబాయ్. ఎప్పుడో పోయిందన్నాడు. నువ్వు బయల్దేరు.”

ప్రతి అక్షరం వినపడింది. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చడం వినపడింది. వెనక ఎవరో మంచం జరిపిన చప్పుడు కూడా వినపడింది. ఇన్నేళ్ళుగా ఇలా వినపడాలనే కదా అతను కోరుకున్నది. ఈ ఒక్కటీ మోతలో కలిసిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

“ఊ” అన్నాడు. ఫోను మేకుకు తగిలించాడు.

చెరువు అంచంతా మీసాలే. పాపం తేలిపోతాయ్. కాశీరావు హ్యాండిల్ దూర్చి, పాత చీరగుడ్డ మీద చేతులు బిగించి తిప్పాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి జనరేటరు దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది. చక్రాలు కదిలాయి. మోత మళ్ళీ దిబ్బనంతా కప్పేసింది. అప్పుడు షెడ్డు గోడకు ఒరిగి నోరు తెరిచి ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడ్చాడో అతని చెవికే తెలియదు.

టార్చి ఊపే వేళ కాకపోయినా ఊపుతూనే ఉంటే యేసుకుమార్ గట్టు వెంట వచ్చాడు. విషయం వాడి చెవిలో చెప్పాల్సి వచ్చింది. వాడు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. తెల్లారేదాకా చెరువులు తను చూస్తానన్నాడు. పాయలో వల వేస్తున్న పడవ ఒకటి కాశీరావును ఎక్కించుకుంది. రేవు చేరేదాకా అతను వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు ఆరోన్ బ్యాటరీ తెచ్చి బిగించాడు. అంతా సరిగ్గా ఉందో లేదోనని మెయిన్ ఒకసారి ఆపి చూశాడు. చక్రాలు ఆగీ ఆగకముందే జనరేటరు దానంతటదే అందుకుంది. షెడ్డు మూల గోడకు చేరగిలబడి ఇనప హ్యాండిల్ ఉంది. దాని చివర చుట్టిన చీరగుడ్డ మీద, నూనె మరకల కింద, చిన్న చిన్న పసుపుపచ్చ పువ్వులు ఇంకా కనపడుతున్నాయి.